ముప్పేట తాడు కొరకబోయిన చిలక

దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి నాయనా. వెనకవాళ్ళకి కూడా వినపడాలిగా!

దీపంలో నూనె పోస్తూ కూడా దణ్ణం పెట్టుకునే ఆ మంచి రోజుల్లో, కనకవాడ అనే రాజ్యాన్ని చిత్రధ్వజుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు బలకేతు, చిన్నవాడు పుష్పకేతు. తల్లి వాళ్ళ పసితనంలోనే పోయింది. అందుకని రాజే ముగ్గురినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పప్పూ నెయ్యీ కలిపి, ముద్దముద్దకీ ఒక దేవుడి పేరు చెప్పి తినిపించేవాడు. అన్నం అందరిదీ ఒకటే, కానీ ఆ చేతి ముద్ద రుచే వేరు. ఏం రోజులవి!

ఆ రాజ్యం మీద కాకజంఘుడనే మాంత్రికుడి కన్ను పడింది. వాడి ప్రాణం గసగసాల గింజంత చిలకలో ఉంది. ఆ చిలకను ఊరగాయ జాడీలో దాచి, మూత బిగించి, రాజుకు కానుక పంపాడు. రాజు ఆ ఊరగాయ తిన్నాడు, దాంతోపాటు చిలకా లోపలికి పోయింది. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయాయి. మాట పోయింది. చేతులు పడిపోయాయి.

రాజవైద్యుడు నాడి చూసి, "బాబూ, తెలివి ఉంది. మన మాటలు వింటున్నారు కూడా. కానీ ఈ జబ్బు రొమ్ము మీదికి పాకుతోంది. అక్కడికి చేరితే ఊపిరి ఆగిపోతుంది" అన్నాడు.

జయకేతు మంచం పక్కనే నగారా మోగించి, "నాన్నగారూ, చెయ్యెత్తండి!" అని అరిచాడు. చెయ్యి లేవలేదు. బలకేతు బళ్ళకొద్దీ పన్నీరు తెప్పించి ఒళ్ళంతా పోశాడు. చెయ్యి లేవలేదు.

పుష్పకేతు వాకిట్లో కూర్చుని ఏడుస్తున్నాడు. ముగ్గులోంచి ఒక చీమ తలెత్తింది. "ఊరుకో నాయనా, ముగ్గు తడిసిపోతోంది! తరతరాలుగా మీ వాకిట్లో బియ్యప్పిండి తిన్నవాళ్ళం. నీ వెంట నేనొస్తా" అంటూ ఒక ఆకు ఇచ్చింది. నమిలితే పుష్పకేతు నలుసుకన్నా చిన్నవాడయ్యాడు. చీమ కూడా నమిలింది. ఇద్దరూ గోటి సందులోంచి రాజు ఒంట్లోకి దూరారు.

ఏడు ఎర్ర సముద్రాలు దాటారు. చివరికి ఒక సన్నటి వాగు. ఇవతల నరాలపట్నం, అవతల కండలకోట. పట్నం గోడలోంచి అప్పుడే, ఇంకా తాడు తెగని ఒక కుండ పన్నీరు చిమ్మి, ఖాళీ అయి లోపలికి పోతోంది. "అందులోకి దూకు! ఆ దొంగ చిలక కూడా ఇలాగే దూరింది" అంది చీమ.

లోపల ఒక పిల్ల తెగిన తాడు పేటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పట్నం పెద్దగారి కూతురు, తంతుమతి.

"ఏమిటమ్మా ఇది? మా నాన్నగారి చెయ్యి ఎందుకు లేవడం లేదు?" అన్నాడు పుష్పకేతు.

"పైనుంచి ఆజ్ఞ మెరుపులా వస్తుంది. తలుపులు తెరుచుకుంటాయి. సున్నపు భటులు తెల్లబట్టలతో పరుగెత్తుకొస్తారు. వాళ్ళు చెయ్యేస్తే తాడు బిగుస్తుంది. కుండ మెడకి ఒక పేట, గోడకి రెండు. మూడూ పెనవేసుకుని లాగితే కుండ నోరూ గోడా ఒకటై, పన్నీరు వాగులో పడుతుంది. ఆ పన్నీరు సోకితేనే అవతల కండలకోట గడియలు ఊడతాయి. అప్పుడే మీ నాన్నగారి చెయ్యి లేచేది."

"మరి ఇప్పుడు?"

"మెరుపు వస్తోంది, భటులు వస్తున్నారు, కుండలు నిండుగానే ఉన్నాయి. పేటలే మిగలడం లేదు. అదిగో, చిలక కొరుకుతోంది!"

పుష్పకేతు కత్తి దూశాడు. చిలక తుర్రున ఎగిరింది. దూశాడు, ఎగిరింది. మళ్ళీ దూశాడు, మళ్ళీ ఎగిరింది. తంతుమతి అతని చెవిలో, "అది విడిపేటలే కొరకగలదు. పేనిన తాట్లో దాని ముక్కు దిగదు. ఆ సంగతి దానికే తెలీదు" అంది.

పుష్పకేతు నవ్వి, తెగకుండా మిగిలిన మూడు పేటలు పేని పైకెత్తాడు. "ఏమే చిలకా, విడిపోగులు ఎలకైనా కొరుకుతుంది. దమ్ముంటే ఈ ముప్పేట తాడు కొరుకు!"

"నన్ను ఎలకతో పోలుస్తావురా, కుర్రకుంకా?" అంటూ చిలక వచ్చి కసుక్కున కరిచింది. ముక్కు ఇరుక్కుపోయింది. పుష్పకేతు మెడ విరిచాడు. అక్కడ తన గుహలో కాకజంఘుడు గుడ్లు తేలేసి పడిపోయాడు.

కథ అయిపోయిందనుకున్నారా? ఉండండి. తెగిన పేట అతకదు. కొత్తది పేనాలి.

"ఎన్నాళ్ళు?" అన్నాడు పుష్పకేతు.

"నెలలు" అంది తంతుమతి.

"నాన్నకి అంత గడువు లేదే!"

చీమ బయటికి పరుగెత్తి అన్నల చెవిలో సంగతి చెప్పింది. వైద్యుడు గొంతులోకి సన్నటి గొట్టం దించాడు. అన్నలు కమ్మరి కొలిమితిత్తి తెచ్చి, దానికి బిగించి ఊపిరి ఊదారు. రాత్రీ పగలూ ఊదారు. ఒకడు ఒత్తుతుంటే ఇంకొకడు దేవుడి పేరు చెప్పేవాడు.

లోపల వీళ్ళిద్దరూ పేనుతున్నారు. పేనుతూ పేనుతూ పుష్పకేతు నాన్న ముద్దలు పెట్టిన రోజులు చెప్పుకున్నాడు. తంతుమతి చేతులు ఆగిపోయాయి. "తాడు లాగమంటే లాగేవాళ్ళం, చెయ్యి లేచేది. ఎందుకు లేస్తోందో మాకెవరు చెబుతారు? మీకు ముద్దలు పెట్టడానికా!" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఒకనాడు రాజు వేలు కదిలింది. తర్వాత రొమ్ము తనంతట తాను లేచింది. వైద్యుడు గొట్టం తీశాడు. "జయా, బలా, ఇక చాలర్రా. మీ చేతులు పుండ్లయిపోయాయి" అన్నాడు రాజు. కొడుకులిద్దరూ తిత్తి వదిలి ఆయన కాళ్ళ మీద పడ్డారు.

పుష్పకేతు తంతుమతిని వెంటబెట్టుకుని బయటికొచ్చాడు. చీమ ఇంకో ఆకిచ్చింది, ఇద్దరూ మనుషులంత అయ్యారు. ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. రాజు చాలాకాలం ఏలాడు. ఆయన తర్వాత అన్నదమ్ములు ముగ్గురూ తగువు లేకుండా ఏలారు.

"పుట్టినూరు మీద బెంగగా లేదా తల్లీ?" అని ఎవరైనా అడిగితే తంతుమతి నవ్వేదట. పొద్దున్నే మామగారి కాళ్ళకు మొక్కేది. ఆయన చెయ్యెత్తి దీవించేవాడు. తలమీద ఆ చెయ్యి పడగానే, "మావాళ్ళంతా క్షేమం" అనుకుని లేచి పనిలోకి వెళ్ళేది.