పడుకున్న చోటే నీది

నల్లకొండ అడవిలో పులిరాజుకి ఒకరోజు మంచిబుద్ధి పుట్టింది. "తాతల కాలం నుంచి ఇక్కడే బతుకుతున్నవాళ్లకి ఈ అడవి మీద హక్కుందని ఒప్పుకుంటున్నా" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఎవరికి ఎంతో తేల్చే పని నక్క బావకి అప్పజెప్పాడు. అక్కడొచ్చింది తంటా.

ముళ్లపంది ఈదమ్మకి నక్క చుట్టూ తిరిగి తిరిగి అరికాళ్లు అరిగిపోయాయి.

"మీ తాత ఇక్కడే బతికాడని సాక్ష్యమేదీ?" అన్నాడు నక్క.

"ఆయన తవ్విన గుంటలున్నాయిగా, చూడు బావా."

"గుంటలు మాట్లాడవు. మీ తాతని రమ్మను."

"ఆయన పోయి ఎంత కాలమైంది!"

"పోయానని ఆయనే వచ్చి చెప్పాలి మరి."

ఈదమ్మకి ఒళ్లంతా ముళ్లు లేచాయి. గుచ్చేద్దామా అనుకుంది, ఆగింది.

చివరికి నక్క జాలిపడ్డట్టు మొహం పెట్టి ఒక రూలు తీశాడు. "ఎవరు ఎక్కడ పడుకుంటారో అదే వాళ్లది. మిగతాది ఎవరిదీ కాదు, నేను చూసుకుంటా."

ఎలుగుబంటి కోటయ్య సంబరపడిపోయి గుహ ముందు గోళ్లతో గీత గీసేసుకున్నాడు. "గుహ నాదైపోయిందే ఈదమ్మా!"

"గుహని నాకుతూ కూర్చుంటావా మామా? వాగెవరిది? ఇప్పచెట్లెవరివి?"

కోటయ్య మెడ గోక్కున్నాడు. "అదడగలేదే నేను."

"ఎవరూ అడగరు! అదే నా ఖర్మ!"

అప్పటికే నక్క తరఫున తోడేళ్లు ఎవర్నీ దిగనివ్వకుండా వాగు దగ్గర కాపలా కూర్చున్నాయి. ఎండలు ముదిరిపోతున్నాయి. ఈదమ్మ పిల్లలు దాహంతో నాలుకలు బయటపెట్టి పడున్నారు. వాళ్లని చూస్తూ ఆ దిక్కుమాలిన రూలునే అటూ ఇటూ తిప్పి ఆలోచించింది. ఆలోచించి, అడవిలోవాళ్లందర్నీ వెంటేసుకుని పులిరాజు దగ్గరికి నడిచింది.

"రాజా, నక్క బావ పెట్టిన రూలు మాకు నచ్చింది. దాన్ని మార్చొద్దు."

రాజు పక్కనే ఉన్న నక్క ఉబ్బిపోయాడు. "మార్చే ప్రసక్తే లేదు!"

"విన్నారుగా రాజా. కోటయ్య మామా, ఎండల్లో ఎక్కడ పడుకుంటావు?"

"వాగు ఇసకలో. గుహలో ఉడికిపోనూ?"

"ఇప్పపూలు రాలేటప్పుడు?"

"ఆ చెట్ల కిందే. అంత తిన్నాక లేచే ఓపికేదీ?"

"మాది పూటకో కొమ్మ" అంది కొండముచ్చు.

దుప్పి వణుకుతూ ముందుకొచ్చింది. "నేను ఒకేచోట రెండోసారి పడుకోను. పడుకుంటే ఏమవుతుందో రాజుగారికే తెలుసు."

పులిరాజు దగ్గి అటు తిరిగాడు.

ఒక్కొక్కరూ చెప్పుకుంటూ పోయేసరికి, ఎవరూ పడుకోని చోటంటూ అడవిలో మిగల్లేదు.

"అయితే అడవంతా వీళ్లందరిదీ కలిపి" అని పులిరాజు నక్క వైపు తిరిగాడు. "మరి నువ్వెక్కడ పడుకుంటావోయ్?"

వేరే చోటు చెబుదామంటే, బండ కింద బొరియ వదిలి నక్క ఏ రాత్రీ కదలడని అక్కడ అందరికీ తెలుసు.

"బొరియలో" అన్నాడు సన్నగా.

"అది నీదే బావా, ఎవరూ లాక్కోరు" అంది ఈదమ్మ. "కాలు బయట పెట్టాలంటే మాత్రం మమ్మల్నడుగు."

తోడేళ్లు తోకలు ముడిచి ఎప్పుడో జారుకున్నాయి. ఈదమ్మ పిల్లలు వాగులో మూతులు ముంచి తాగుతున్నారు. నక్క బొరియలోంచి తల మాత్రం బయటపెట్టి, "అమ్మా ఈదమ్మా, నీళ్లకి రావచ్చా?" అని అరుస్తున్నాడు.

ఇల్లంటే పడుకునే గుంట ఒక్కటే అని వాదించేవాడికి చివరికి ఆ గుంటే మిగులుతుంది.