గంట గాసం

కరెంటు మోటార్లు ఇంకా రాని కాలం. బావిలో నీళ్ళు పైకి రావాలంటే ఎద్దు వాలులో కిందికి నడవాల్సిన కాలం.

నెమలిగుట్ట కింద ఒక చెరకు తోట ఉండేది. దాని యజమాని గుట్ట మీది ఏనుగు. ఆయన ఏడాదికి ఒకసారి, చెరకు నరికే వేళకు దిగివచ్చేవాడు. మిగతా కాలమంతా అజమాయిషీ నక్కది. నక్క పని చేసేది కాదు, పని జరుగుతోందా అని చూసేది. అలా చూసినందుకు కాలువ చివర దోసపాదులు, కాలువ బొరియల్లో పాకే ఎండ్రకాయలు దొరికినన్ని దానివి.

తోటకు నీళ్ళు పెట్టే మోట కాటుకయ్యది, మైలయ్యది. పదకొండు ఎండాకాలాలు ఆ రెండెద్దులూ ఒకే కాడి కింద నడిచాయి. వాలులో దిగితే మోకు సాగి, తోలు బొక్కెన పైకొచ్చి తొట్లో నీళ్ళు కుమ్మరించేది. మళ్ళీ వెనక్కి నడిస్తే బొక్కెన బావిలోకి దిగేది.

"ముందుకు ఏ దున్నైనా నడుస్తుందిరా తమ్ముడూ," అనేవాడు కాటుకయ్య. "వెనక్కి నడిచేవాడిదే మోట. వెనకడుగులో కళ్ళతో పని లేదు, గంట విను."

ఆ గంట కాటుకయ్య మెడలో ఉండేది. కంచుగంట, పచ్చితోలు పట్టెడ. దిగేటప్పుడు ఒకటే మోత, ఎక్కేటప్పుడు ఆగి ఆగి రెండు. ఆ శబ్దం విని కొంగలు కాలువ దగ్గరికి దిగేవి. గుట్ట అవతల మేసే గొర్రెలు కూడా, ఇప్పుడు నీళ్ళు ఎన్నో మడికి చేరాయో చెప్పేవి. పొద్దున్నే కాటుకయ్య తొట్లో మెడ ముంచి పట్టెడ తడుపుకునేవాడు. తడపకపోతే ఎండకు ఆ తోలు బిగుసుకుని ఊపిరాడనివ్వదు.

"ఈ బొక్కెన ఎవరనుకున్నావు?" అన్నాడు ఒకసారి. "మా పెదనాన్న. బతికున్నన్నాళ్ళూ నీళ్ళు తోడాడు. పోయాక కూడా తోడుతూనే ఉన్నాడు. మన జాతికి సెలవు లేదు."

మైలయ్య నవ్వలేక నవ్వాడు.

నక్కకు ముందు అజమాయిషీ ఒక ముసలి ఎలుగుబంటిది. ఆ రోజుల్లో సాయంత్రం కాడి దించగానే గంట కట్టిన ఎద్దుకు కుండెడు ఉలవ గుగ్గిళ్ళు వచ్చేవి. దాన్ని గంట గాసం అనేవారు. కాటుకయ్య సగం తిని, సగం మైలయ్య వైపు ముట్టెతో నెట్టేవాడు. ఉప్పు వేసి ఉడికించిన ఆ ఉలవల వాసనకు ఒళ్ళు నొప్పులు సగం పోయేవి. నక్క వచ్చాక, కరువు ఏడాది కదా అని గుగ్గిళ్ళు ఆపింది. కరువు పోయింది, గుగ్గిళ్ళు మళ్ళీ రాలేదు. కాటుకయ్య అడగలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో వాలులో కాటుకయ్య మోకాలు మడత పడింది. మళ్ళీ లేచి నిలబడలేకపోయాడు. నక్క పరుగున వచ్చింది.

"పాపం, నా గుండె తరుక్కుపోతోంది," అంది. "మోట మాత్రం ఆగకూడదు."

"జోడు లేకుండా ఎలా దొరా?" అన్నాడు మైలయ్య.

"గంగులు ఉన్నాడుగా."

తుమ్మచెట్టు కింద ఉన్న గంగులు అనే గాడిద తలెత్తాడు. "నేనా? నాకు ముందుకు నడవడమే సరిగా రాదు దొరా. ఇక వెనక్కా?"

"మైలయ్య నేర్పుతాడు. ఇదిగో మైలయ్యా, గంట కూడా ఇక నీదే. పాత పద్ధతులు మనం వదలకూడదు. ఇవాళ్టి నుంచి నువ్వు వట్టి ఎద్దువి కాదు, గంటెద్దువి."

"మరి గాసం దొరా?"

"గాసం ఎక్కడికి పోతుంది? చెరకు నరకనీ, చూద్దాం. ప్రస్తుతానికి ఆ మోపెడు చొప్పే."

"అన్న గాసమో?"

"పని ఆగితే గాసం ఆగుతుంది. నేను పెట్టిన పద్ధతా ఇది?"

"నువ్వు పెట్టిందే," అన్నాడు గంగులు, గడ్డిపరకకు చెప్పినట్టు.

ఆ రోజు నుంచి మైలయ్య మోట లాగాడు. మోటతో పాటు గంగుల్నీ లాగాడు. గాడిద కుడికి పోతే ఎద్దు మెడ ఎడమకు తిరిగేది. మధ్యాహ్నం మడి మడికీ నీళ్ళు మళ్ళించే మడవలు తిప్పడం మైలయ్యకే పడింది, "గంటెద్దు చూసుకుంటే నాకు నిశ్చింత" అని. పొద్దు వాలాక పందులు రాకుండా గట్టు మీద తిరగడం కూడా. పనులు నాలుగయ్యాయి. చొప్ప మోపు ఒకటే. అందులో సగం కాటుకయ్య ముందు పెట్టేవాడు.

కాటుకయ్య పళ్ళు అరిగిపోయాయి. చొప్ప నోట్లో పెట్టుకుని, పీల్చి, పక్కన వదిలేసేవాడు. "బాగుందిరా," అనేవాడు. డొక్కలు మాత్రం రోజురోజుకూ లోపలికి పోతున్నాయి. ఉడికిన మెత్తటి తిండి దొరక్కపోతే తొలకరి చూడడని మైలయ్యకు తెలిసిపోయింది.

"అడగందే అమ్మైనా పెట్టదు బావా," అన్నాడు గంగులు.

మైలయ్య వెళ్ళి అడిగాడు. నక్క దోసకాయ కొరుకుతూ, "గంట కట్టుకున్నవాడు నోరు తెరిచి అడిగితే ఆ గంటకు మర్యాదేముంటుంది?" అంది. రెండోసారి అడిగితే, "నీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాను," అని కళ్ళు తుడుచుకుంది.

"ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా," అన్నాడు గంగులు.

మర్నాడు బొక్కెనలో నీళ్ళతో పాటు బావి తాబేలు పైకొచ్చి తొట్లో పడింది. ముసల్ది. ఆ బావిలో మొదటి బొక్కెన దిగిన రోజు దానికి గుర్తు.

"గంట మోత మారిందేం నాయనా? అడుగు ఈడుస్తున్నావు," అంది.

మైలయ్య జరిగిందంతా చెప్పాడు.

"బావి తవ్విన ఏడాది పెద్దలు రెండు మాటలు అనుకున్నారు," అంది తాబేలు. "కాడి కింద గంట మోగితేనే మోట నడవాలి. గంటెద్దు తనంతట తాను మోకాళ్ళ మీద కూర్చుంటే, లేచేదాకా ఎవరూ అదిలించకూడదు. గంటెద్దుకే కదా బరువు తెలిసేది. ఆ హక్కు మీ కాటుకయ్యకూ ఉండింది. ఒక్కరోజూ వాడుకోలేదు, పిచ్చి మారాజు."

"గట్టిగా అడిగితే ఏమనుకుంటారో అని, అవ్వా."

"అనుకునేవాళ్ళు ఎప్పుడూ నీడలోనే ఉంటారు నాయనా," అని తాబేలు బొక్కెనలోకి పాకింది.

మరుసటి పొద్దున మైలయ్య తొట్లో మెడ ముంచి పట్టెడ తడుపుకున్నాడు. కాడి కిందికి వెళ్ళి, ఒక్క బొక్కెనా తోడకుండానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గంట ఆగింది. గంగులుకు చెప్పనవసరం లేకపోయింది. అతను అప్పటికే పడుకున్నాడు.

కొంగలు తలలెత్తాయి. గుట్ట అవతల గొర్రెలు మేత ఆపి చెవులు రిక్కించాయి. కాలువ చివరి నుంచి నక్క వచ్చింది.

"ఎవరు ఆపమన్నారు?"

"గంట ఆగింది దొరా. పాత పద్ధతులు వదలకూడదని తమరే కదా సెలవిచ్చారు."

"ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"గంట గాసం వచ్చేదాకా. కాటుకన్నకు ఒక కుండ, నాకు ఒక కుండ. గంటకు గాసం ఉండాలి, లేకపోతే గంటే ఉండకూడదు."

నక్క మొహం ఎర్రబడింది. "ఓహో, గంటతోనా ఈ పొగరు? గంట ఇచ్చింది నేను, తీసుకునేదీ నేనే. అది నా మెడలో ఉంటే మోట ఎప్పుడు ఆగాలో నేనే చెబుతాను." పళ్ళతో ముడి విప్పి, పట్టెడ లాగి, తన మెడకు రెండు చుట్లు చుట్టి బిగించి ముడేసుకుంది.

"దొరా, అది తడి..." అని గంగులు నోరు తెరిచాడు. మైలయ్య గిట్ట మెల్లగా వచ్చి అతని గిట్ట మీద నిలబడింది. గంగులు మిగతా మాట మింగేశాడు.

"ఇప్పుడు గంట నా దగ్గరుంది. లాగండి," అంది నక్క.

"కాడి కింద మోగాలి దొరా గంట," అన్నాడు మైలయ్య. "దయచేయండి, ఇటుపక్క ఖాళీ ఉంది."

నక్క కాడిని చూసింది, వాలును చూసింది, తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి తోలు ఎండింది. మెడ చుట్టూ ఎవరో పట్టుకున్నట్టయింది. ముడి గోరుకు లొంగలేదు, పంటికి అందలేదు. ఆకలేసి కాలువకు వెళ్తే, అడుగుకో మోత. ఎండ్రకాయలు బొరియల్లోకి, కప్పలు బురదలోకి. ఉడుతపిల్లలు కూడా "దొరగారు వస్తున్నారు" అని చెట్టెక్కి కూర్చున్నాయి. దోసకాయ కొరికితే మింగుడు పడలేదు. మూడో రోజుకు దోసతీగలు వాలాయి, చెరకు ఆకు కొస పసుపెక్కింది. ఏనుగు దిగితే ఏం చూపించాలి?

నాలుగో రోజు పొద్దున నక్క బావి దగ్గరికి వచ్చింది. గొంతు పీలగా ఉంది.

"ఇది ఎలా తీయాలి మైలయ్యా?"

"నానబెట్టాలి దొరా. తొట్టి నిండా నీళ్ళుంటే పూటలో వదులవుతుంది."

నక్క తొట్లోకి చూసింది. అడుగున పగుళ్ళు, మధ్యలో ఎండిన నాచు.

"నీళ్ళు తోడు నాయనా."

"గంట ఏది దొరా కాడి కింద? తమ మెడలో ఉంది. పెద్దల మాట తప్పి తోడమంటే, ముందు ఉలవల మాట తేలాలి."

"తోడాక పెడతాను. నా మీద ఒట్టు."

"ఏరు దాటాక బోడి మల్లన్న," అన్నాడు గంగులు ఆవులిస్తూ.

"ముందు గుగ్గిళ్ళు," అన్నాడు మైలయ్య. "ఈ ఒక్కరోజు కాదు. ఏనుగు దొర దిగినప్పుడు ఆయన ముందూ అనాలి, గంట ఉన్నన్నాళ్ళూ గాసం ఉంటుందని. మడవలకూ పందుల కాపలాకూ ఇంకొకరిని చూసుకోవాలి."

"అంటాను. చూస్తాను. తోడు."

"ఉలవలు దొరా."

నక్క స్వయంగా పొయ్యి రాజేసింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. కుండ ఎత్తితే గంట మోగింది. కట్టె తోస్తే గంట మోగింది. గరిటె తిప్పినంతసేపూ మోగుతూనే ఉంది. ఉలవల వాసన కాటుకయ్య పడుకున్న పాక దాకా పాకింది.

కాటుకయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెవులు మాత్రం నిలబడ్డాయి. గంట మోత, గుగ్గిళ్ళ వాసన రెండూ కలిసి వచ్చి ఎన్నేళ్ళయిందో. మైలయ్య కుండను ముట్టెతో నెట్టుకుంటూ వచ్చి అతని ముందు ఆపాడు. కాటుకయ్య మెల్లగా తిన్నాడు. సగం అయ్యాక అలవాటు చొప్పున కుండను మైలయ్య వైపు నెట్టాడు.

"మోత కాస్త తొందరగా ఉందిరా," అన్నాడు. "కొత్త ఎద్దా?"

"అవునన్నా. ఇప్పుడే నేర్చుకుంటోంది."

"వెనకడుగు నేర్పు. అదే కష్టం."

"అదే నేర్పుతున్నా," అన్నాడు మైలయ్య. మిగిలిన సగం మళ్ళీ అన్న వైపే నెట్టి, మోట దగ్గరికి నడిచాడు.

బరువు మెడకెక్కక ముందే మేత మాట తేల్చుకో, ఎక్కాక నీ నోటి మాట గంట మోతలో కలిసిపోతుంది.