ఈరమ్మ కట్ట, దొరగారి నీళ్ళు

కొండ కింద తన చేనులో ఈరమ్మ తట్టలతో మట్టి మోసి చిన్న కట్ట వేసుకుంది. నిలిచిన నీళ్ళకు కొంగలు, జింకలు చేరాయి. వాటి మీద దొర కంపరాయుడి కన్ను పడింది. చల్లగా ఉంటుందని సరిగ్గా కట్ట దిగువనే వేట విడిది కట్టించాడు.

గృహప్రవేశం నాడు పరివారంతో కట్టెక్కి, "ఏమే ఈరీ! కొండ నాది. దాని మీద కురిసిన వానా నాదే. కాబట్టి ఈ నీళ్ళు నావి, తాగే జింకలు నావి. రేపటి నుంచి వేట. నువ్విటు రాకు" అన్నాడు.

"మరి కట్టో, దొరా?"

"ఆ మట్టి నాకెందుకే? నువ్వే ఉంచుకో!"

పరివారం పగలబడి నవ్వింది. ఈరమ్మ దండం పెట్టి, కొంగు బిగించి, కట్ట నడుమ పార దించింది.

"ఏం చేస్తున్నావే?"

"నా మట్టి నేను ఇంటికి మోసుకుపోతున్నా దొరా. తమరి నీళ్ళు తమరు పట్టుకోండి."

దొర దిగువకు చూశాడు. విడిది గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడనైనా లేదు.

"ఆగు తల్లీ! నీళ్ళూ నీవే, జింకలూ నీవే!"

ఆ ఏటి నుంచి వానలకు ముందు కట్ట మీద పడే మొదటి తట్ట మట్టి దొరగారిదే. ఈరమ్మ గట్టున కూర్చుని, "ఇంకాస్త గట్టిగా తొక్కండి దొరా" అనేది.