దసరా పులిహోరలో ఉప్పు

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు భ్రమరాంబ పిన్నిగారికి లేదు. రాజోలులో వాళ్ళింటి వసారాలో గురువారం గురువారం మాకు వంట నేర్పేవారు. ఎవరైనా కొలతలు రాసుకుందామని నోటుపుస్తకం తీస్తే, దాన్ని పొయ్యి దగ్గర పెట్టకు, నూనె చిందుతుంది అనేవారే తప్ప ఒక్క కొలతా చెప్పేవారు కాదు. నాకు ఒళ్ళు మండేది. అయినా మళ్ళీ గురువారం వచ్చేసరికి అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేదాన్ని.

మాలో సుహాసిని అనే అమ్మాయికి ఆ ఏడు దసరా గురించి పెద్ద బెంగ పట్టుకుంది. వాళ్ళ అత్తగారు శేషారత్నంగారు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలు అయ్యాయి కనుక ఆ ఇంట్లో మళ్ళీ చేసుకోబోయే మొదటి పండగ అదే. మామగారు సోమశేఖరంగారు పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. భార్య పోయినప్పటి నుంచి భోజనం దగ్గర ఆయన నోరు విప్పలేదు. పెట్టింది తింటారు, లేస్తారు. కూర మాడినా అంతే, కుదిరినా అంతే. ఇంకాస్త వడ్డించమంటారా అంటే చెయ్యి అడ్డం పెడతారు. ఆవిడ ఉన్న రోజుల్లో పండగ భోజనం రెండు గంటలు సాగేదట, అన్ని కబుర్లు చెప్పేవారట. ఈ ఒక్క పూటైనా ఆయన తృప్తిగా తింటే చాలని సుహాసిని ఆశ. అదీ కాకపోతే ఇక ఆ ఇంట్లో పండగలు పేరుకే మిగులుతాయని భయం.

గారెలు, బూరెల గురించి అడగవలసినవన్నీ అడిగాక, చివరికి అసలు సంగతి అడిగింది.

"నైవేద్యం పెట్టేదాకా రుచి చూడకూడదు కదండీ. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

పిన్నిగారు ఆ మాట విననట్టే చింతపండులో ఈనెలు ఏరుతూ కూర్చున్నారు. పండగ నాడు తానే వస్తానని మాత్రం అన్నారు. కొబ్బరి తురమడానికి నన్ను కూడా రమ్మన్నారు, అక్కడికి మా ఇంట్లో పండగ లేనట్టు.

దసరా నాడు తెల్లవారేసరికి ముగ్గురం మడి కట్టుకుని సుహాసిని వంటింట్లో ఉన్నాం. పిన్నిగారు పీట వేసుకుని గుమ్మం పక్కన కూర్చున్నారు గానీ గరిటె ముట్టుకోలేదు. ముందు చింతపండు నానెయ్యమన్నారు. పులిహోర అన్నం పలుకుగా వండి, పళ్ళెంలో ఆరబోసి, పసుపూ నూనె పట్టించి దాని జోలికి పోవద్దన్నారు. గారెల పిండిలో ఉప్పు ముందే కలిపితే నీరు కారుతుంది, నూనె కాగాకే కలపమన్నారు. పూర్ణం ఉండలు చేసి పెట్టుకుని, బూరెలు మాత్రం నైవేద్యానికి కాస్త ముందు వెయ్యమన్నారు. కంద బచ్చలి కూర అయ్యాక పొయ్యి ఖాళీగా ఉంటే సుహాసిని కంగారు పడింది. ఉండనీ, నువ్వూ కాసేపు కూర్చో అన్నారు. వంటింట్లో కూర్చోమన్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

పులిహోర పులుసు ఉడుకుతున్నప్పుడు సుహాసిని ఉప్పు వేసింది. ఒక క్షణం ఆగి, ఇంకో చిటికెడు తీసింది. పిన్నిగారు లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు.

తక్కువవుతుందండీ అని సుహాసిని బతిమాలింది. తక్కువే అని పిన్నిగారు ఒప్పుకున్నారు, చెయ్యి మాత్రం వదల్లేదు. అమ్మవారికి పెట్టేది కదా అంటే, అమ్మవారు ఏమీ అనుకోదులే అన్నారు. ఆ అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాదంతా ఎదురుచూసిన పూట, తెలిసి తెలిసి ఉప్పు తగ్గించడమేమిటి? నాకు పిన్నిగారి మీద నిజంగానే కోపం వచ్చింది. ఆ తర్వాత ఆకులు వేసినప్పుడు నేను ఆకు చివర ఉప్పు వడ్డించబోతే, నన్నూ ఆపేశారు.

నైవేద్యం అయింది. సోమశేఖరంగారు, ఆయన కొడుకు ఆకుల ముందు కూర్చున్నారు. సుహాసిని వడ్డించి గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన ఔపోసన పట్టి, పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. రెండో ముద్ద తియ్యలేదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న నాకు, లేచిపోతారేమో అనిపించింది.

"అమ్మాయ్," అన్నారాయన. "దీంట్లో కాస్త ఉప్పు పడాలి."

కొడుకు తల ఎత్తి తండ్రి వైపు చూశాడు. ఆయన ఆకు వైపే చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు, మీ అత్తయ్యదీ ఇదే వరస అన్నారు. పండగ పూట అమ్మవారికి ఎక్కువవుతుందేమోనని ఆవిడకి ఉప్పు దగ్గర చెయ్యి ఆడేది కాదట. నలభై ఏళ్ళు ప్రతి దసరాకీ ఉప్పు అడుగుతూనే ఉన్నానన్నారు. అంటూ నవ్వారు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు.

సుహాసిని ఉప్పు కోసం వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. జాడీ మూత తీస్తూ, అత్తయ్య సంగతి మీకు ముందే తెలుసా అని పిన్నిగారిని అడిగింది. నాకేం తెలుసు, ఆవిడ చేతి వంట నేనెన్నడూ తిన్నదాన్ని కాదు అన్నారావిడ.

"ఆ చిటికెడూ వెయ్యనిస్తే సరిపోయేది కదండీ?"

"సరిపోయేది," అన్నారు పిన్నిగారు. పక్కనున్న నేతి గిన్నె తీసి ఆమె రెండో చేతిలో పెట్టారు. "వెళ్ళు. బూరెలోకి నెయ్యి కూడా అడుగుతున్నారు, వినపడలేదూ?"