అటక మీది దుంపలు

"చలికి జడిసి కొండ దిగిపోయినవాడి చాప మన మధ్య ఇంకా ఎందుకు స్వామీ?" అని అడిగాడు వీరభద్రం. అడగడమే కాదు, సోమలింగం చాపను చుట్టి చంకన పెట్టుకునే వచ్చాడు. లంబసింగి కొండల్లో ముగ్గురే శిష్యులున్న ఆశ్రమం అది. మార్గశిరం రాగానే సోమలింగానికి ఎడతెగని దగ్గు పట్టుకుంది. గురువు అప్పలయోగే సెలవిచ్చి మైదానానికి పంపాడు. వీరభద్రానికి అది మరీ మింగుడుపడలేదు.

అప్పలయోగి సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. చాపను అటక మీద పెట్టి, పెరట్లో లచ్చమ్మకు సాయం చెయ్యమన్నాడు.

పెరట్లో జరుగుతున్నది చూసి వీరభద్రానికి ఒళ్ళు మండిపోయింది. గూడెం నుంచి వచ్చి తోట చూసే లచ్చమ్మ, మొగ్గ మీదున్న డాలియాలను మొదలంటా కోసి, దుంపలు పెళ్ళగించి బూడిద బుట్టలో పెడుతోంది. అతను కింద మైదానంలో, కడియం పూలతోటల్లో పుట్టి పెరిగినవాడు. చలికాలమే డాలియా పూసే కాలమని ఎరిగినవాడు. ఇది పూలను చంపడమేనని కేకలేశాడు.

"మీ ఊరి చలి పూయిస్తాది బాబూ. మా చలి కాల్చేస్తాది," అంది లచ్చమ్మ, కత్తి ఆపకుండా.

అతను మరింత రేగి చివరి మడికి అడ్డంగా నిలబడ్డాడు. అందులో మిగిలినవి నాలుగు మొక్కలు. ఆవిడ నవ్వుకుని, బుట్టను పొగ తగిలే అటక మీద, ఆ చాప పక్కనే పెట్టి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు ఆ నాలుగూ విరగబూశాయి. రోజూ ఒక పువ్వు గురువు ముందు పెట్టి, నిలబడ్డవాటి సొగసు చూడమనేవాడు వీరభద్రం. పుష్యంలో ఒక ఉదయం గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు కనిపించింది. ఎండ పొడిచేసరికి మొక్కలు మరిగే నీళ్ళు పోసినట్టు నల్లబడి వాలిపోయాయి. వేరు బతికే ఉంటుందని పంతం పట్టి, ఫాల్గుణం దాకా ఆ మోళ్ళకు నీళ్ళు పోశాడు. తవ్వితే చేతికి కుళ్ళు జిగురే వచ్చింది.

ఆ మట్టి చేతులతోనే గురువు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఈ కొండకు న్యాయం లేదు స్వామీ. నిలబడ్డవాటినే చంపింది."

అప్పలయోగి అటక వైపు చూపించాడు. వీరభద్రం నిచ్చెనెక్కి బూడిదలో చెయ్యి పెట్టాడు. దుంపలు గట్టిగానే ఉన్నాయి. వాటి మెడల దగ్గర చిన్న చిన్న మొలకలు వేళ్ళకు తగిలాయి. అతను ఒక దుంపను తీసి బూడిద దులిపాడు.

"పక్కన సోమలింగం చాప ఉంటుంది," అన్నాడు గురువు కిందనుంచి. "అదీ దించు. ఎండలో వేద్దాం."