కొర్లమ్మ గీసిన బొగ్గు సున్నా

ముందుగా గంగమ్మ తల్లికి ఓ దణ్ణం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకి ఓ ముద్దు. వెనకాల చుట్ట కాల్చుకుంటున్న పెద్దలకి ఓ నమస్కారం. ఇక చెవులు ఇటు పెట్టండి. మధ్య మధ్యలో ఊఁ కొట్టండి, లేకపోతే నా నోరు ముందుకి సాగదు.

ఇది నిన్నటి మాట కాదు, మొన్నటి మాట కాదు. మీ తాతకి తాత ఇంకా పుట్టలేదు. అప్పట్లో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఇసక దిబ్బల నడుమ ఓ పల్లె ఉండేది. ఆ పల్లెలో అసిరయ్య అని ఒకడు.

అసిరయ్యకి పడవ లేదు. వల లేదు. ఉన్నదల్లా ఒంటి పలక. మనిషి పొడుగు, మూరెడు వెడల్పు. పొణికి చెక్కతో తనే చెక్కుకున్నాడు. బొమ్మలు చేస్తారే, ఆ చెక్క. దూదిలా తేలిక. దాని మీద బోర్లా పడుకుని చేతుల్తో నీళ్లు తోసుకుంటూ అలల్లోకి వెళ్లేవాడు. వచ్చేటప్పుడు పలక మీద లేచి నిలబడి, అల నెట్టుకొస్తుంటే గుర్రమెక్కినట్టు ఒడ్డుకొచ్చేవాడు.

ఆట అనుకున్నారా? కాదు. ఏటి మొగ దగ్గర మూడు వరసల అలలు విరుగుతాయి. గాలి తిరిగిన రోజుల్లో ఏ పడవా వాటిని ఒంటరిగా దాటలేదు. అందుకని అసిరయ్య నడుముకి తాడు కట్టుకుని, పలక మీద మూడు వరసలూ దాటి, పడవకి తాడు అందిస్తాడు. ఒడ్డున జనం లాగుతారు. తాడు అందితే పడవ ఇంటికి. అందకపోతే ఇసక అడుక్కి.

పొణికి చెక్కకి ఒక్కటే జబ్బు. నీళ్లు తాగుతుంది. అందుకని దాని మీద పల్చటి గుడ్డ పరిచి, గుగ్గిలాన్ని నూనెలో కరిగించి వేడివేడిగా పూత పూయాలి. పూత గట్టిగా ఉంటే పలక తేలుతుంది. సూదిమొన దూరేంత సందున్నా మునుగుతుంది.

ఆ ఏడు పాత పూత పగిలిపోయింది. అప్పటికే పదకొండు పడవలు లోతు వేటకి వెళ్లి ఉన్నాయి. అందులో ఒక పడవలో అసిరయ్య తమ్ముడు ముత్యాలు ఉన్నాడు. గాలి తిరగ్గానే అవి వచ్చేస్తాయి. గాలి తిరిగేలోపు పూత పడాలి. మరి ఎవరి చేత పూయించాలి?

అందరూ చెప్పే పేరు దాలినాయుడు. ఓడలకి పూతలు పూసే పెద్ద సావిడి ఆయనది. ఇరవై పొయ్యిలు, ఇరవై బానలు. అసిరయ్య పలక నెత్తిన పెట్టుకుని వెళ్లాడు.

దాలినాయుడు తలెత్తలేదు. "ఓడలొచ్చే చోటికి పీట పట్టుకొచ్చావేటి?"

"పీట కాదు నాయుడుగారూ, పలక."

"ఏదో ఒకటి. ఆ మూల పడేసి ఎల్లు. రేపు రా."

మర్నాడు వెళ్లాడు. "రేపు రా." ఆ మర్నాడు వెళ్లాడు. "రేపు రమ్మన్నానా లేదా?" మూడో రోజు వెళ్లేసరికి పలక మీద కోడిపెట్ట గుడ్లు పెట్టి పొదుగుతోంది. అసిరయ్యని చూసి ముక్కుతో పొడవబోయింది కూడా.

అసిరయ్యకి ఏమీ అర్థం కాలేదు. కాదంటే పోయేది, ఔనని ఇలా చేయడమేమిటి? తల గోక్కున్నాడు. ఇసకలో కూలబడ్డాడు. మళ్లీ లేచాడు.

సావిడిలో పనివాడొకడు నవ్వుతూ అన్నాడు: "ఆ దిబ్బ సివర కొర్లమ్ముంది, ఎల్లు. నీకొకటే పలక, ఆవిడకొకటే కుండ. సరిపోద్ది."

కొర్లమ్మ వంగిపోయిన ముసలిది. వేళ్ల నిండా కాలిన మచ్చలు. ఎవరు ఏం తెచ్చినా పూసేది, నీళ్లు పట్టే తొట్టె అయినా, తెడ్డు అయినా. పలకని ఒళ్లో పసిపిల్లని పెట్టుకున్నట్టు పెట్టుకుంది. వేలి కణుపుతో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తట్టింది. చెవి ఆనించి వింది.

"ఏ కాలు ముందెడతావు బావు?"

"ఎడం కాలు."

"అల ఏ పక్కనించి కొడతాది?"

"పెద్దమ్మా, పూత పూస్తావా, నాకు పెళ్లిసంబంధం సూస్తావా?"

కొర్లమ్మ నవ్వింది. ఉన్న రెండు పళ్లూ కనపడ్డాయి. "పూస్తాను. ఇవాళ కాదు. సెక్కలో తడుంది."

రెండు రోజులాగి వెళ్లాడు. "ఇవాళ కాదు బావు. సముద్రం గాలి ఈస్తోంది. పూత సెమరుస్తాది."

మరో రెండు రోజులాగి వెళ్లాడు. పలక బోసిగా పడుంది. పక్కన పీకేసిన గుడ్డ ముక్కలు.

"నిన్న పూసేను. పొద్దున్న పీకేసేను."

"పీకేసావా! ఎందుకూ?"

"బుడగొచ్చింది."

"ఎంత బుడగ?"

"ఆవగింజంత."

అసిరయ్యకి ఏమీ అర్థం కాలేదు. తల గోక్కున్నాడు. ఇసకలో కూలబడ్డాడు. దాలినాయుడు 'రేపు' అన్నాడు. ఈవిడ 'ఇవాళ కాదు' అంది. రెంటికీ తేడా ఏమిటి? ఇద్దరూ తిప్పడమేగా! అవతల గాలి చూస్తే ఏ క్షణాన తిరుగుతుందో తెలీదు. నీళ్ల మీద తమ్ముడున్నాడు. మళ్లీ లేచాడు. పలక లాక్కున్నాడు.

కొర్లమ్మ ఒక్క మాటే అంది: "తడి తగలనీకు."

మూడోవాడు రంగుల వరహాలు. అంగడి ముందు మామిడాకుల తోరణం. మాటల్లో బెల్లం.

"రండి రండి, అసిరయ్య బావగారూ! మీ పలక మా చేతిలో పడ్డం మా అదృష్టం. పొద్దు వాలేలోపు మీ చేతిలో పెడతాను."

ఏ కాలని అడగలేదు. ఏ పక్క అల అని అడగలేదు. చెప్పినట్టే పొద్దు వాలేలోపు చేతిలో పెట్టాడు. పలక అద్దంలా మెరిసిపోతోంది. అసిరయ్య అందులో తన మీసం చూసుకుని దువ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అలల్లోకి దిగాడు. మొదటి వరస దాటాడు. పలక తేలింది. రెండో వరస దాటాడు. తేలింది. మూడో వరస మీద పడింది. చేప పొలుసు లేచినట్టు పూత మొత్తం లేచిపోయింది. పొణికి చెక్క దాహం తీర్చుకుంది. అసిరయ్య పావు సముద్రం తాగి, పలకని ఈడ్చుకుంటూ ఒడ్డున పడ్డాడు.

తడిబట్టలతోనే వరహాలు దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యయ్యో బావగారూ! సముద్రంలోకి తీసుకెళ్లారా? ఉప్పునీళ్లండీ అవి! ముందే చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?"

అసిరయ్యకి ఏమీ అర్థం కాలేదు. ఈసారి తల గోక్కునే ఓపిక కూడా లేదు. కూలబడలేదు. కాళ్లు వాటంతటవే దిబ్బ చివరికి నడిచాయి.

కొర్లమ్మ దగ్గుతోంది. 'నేను చెప్పలేదా' అని అనలేదు. పలకని చూసింది. "లోపలెట్టు" అంది.

"గాలి తిరిగిపోతోంది పెద్దమ్మా. నా తమ్ముడు నీళ్ల మీదున్నాడు."

"అందుకే బావు. మళ్లీ ఎండబెడదాం."

తొందరగా ఉంటే తొందరగా చేస్తారు. తొందరగా ఉంది కాబట్టి నెమ్మదిగా చేస్తాననడం ఏమిటి? అసిరయ్యకి అది కూడా అర్థం కాలేదు. అయినా ఈసారి పలక లాక్కోలేదు.

మొదటి రోజు మిగిలిన పెచ్చులు పీకింది. రెండో రోజు ఎండబెట్టింది. మూడో రోజు నేల మీంచి పొడిగాలి వీస్తుంటే పూత పూసింది. "రేపు పొద్దెక్కినాక రా" అంది.

నాలుగో రోజు పొద్దెక్కకముందే ఒడ్డున కేకలు. "పడవలొచ్చాయో! పడవలు!" గాలి తిరిగిపోయింది. మూడు వరసల అలలూ గోడల్లా లేచాయి. వాటి అవతల పదకొండు తెరచాపలు, దారి లేక అటూ ఇటూ ఊగుతున్నాయి.

అసిరయ్య కొర్లమ్మ గుడిసెలోకి పరిగెత్తాడు. వెనకే సగం పల్లె.

కొర్లమ్మ గుంజకి ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి పలక మీద ఉంది. "పెద్దమ్మా" అన్నాడు. పలకలేదు. "పెద్దమ్మా" అన్నాడు. పలకలేదు. మూడోసారి భుజమ్మీద చెయ్యేశాడు. చల్లగా తగిలింది. ఆ ముసలితల్లిని గంగమ్మ అప్పటికే పిలుచుకుంది.

పలక తేనె రంగులో నిగనిగలాడుతోంది. నడి మధ్యలో, బొగ్గుతో గీసిన సున్నా. ఉసిరికాయంత సున్నా.

ఏమిటది? పని అయిపోయిందనా? అడుగుదామంటే చెప్పే నోరు లేదు.

"దిష్టి సుక్కరా, పద!" అన్నాడొకడు.

"అమ్మోరి గురుతు. దణ్ణమెట్టి ఎక్కు!" అంది నూకాలు. ఆమె మొగుడూ పడవలోనే ఉన్నాడు.

అసిరయ్య వంగాడు. వేలి కణుపుతో ఈ చివర తట్టాడు. గట్టి చప్పుడు. ఆ చివర తట్టాడు. గట్టి చప్పుడు. సున్నాలో తట్టాడు. డొల్ల.

అప్పుడు తలెత్తి చూశాడు. పొయ్యి మీద కుండ ఇంకా గోరువెచ్చగా ఉంది. పక్కన అరిటాకులో చిన్న గుడ్డ ముక్క. సరిగ్గా ఆ సున్నాకి సరిపడేలా గుండ్రంగా కత్తిరించి ఉంది. ముసలిది తన పని మీద తనే చెవి పెట్టి వింది. తన తప్పు తనే పట్టుకుంది. మరిచిపోకుండా గుర్తు గీసుకుంది. దిద్దడానికి లేవబోయి, లేవలేకపోయింది.

అసిరయ్య పొయ్యిలో పుల్లలు ఎగదోశాడు.

"ఏటి సేస్తున్నావురా?"

"ఇంకా అవలేదు."

"అది ఉసిరికాయంత! ఎవడికి కనబడతాది?"

"ఇంకా అవలేదు."

నూకాలు అతని జుట్టు పట్టుకుంది. "నీ తమ్ముడు కూడా అందులోనే ఉన్నాడు కదరా, పాపిష్టోడా!"

"అందుకే అప్పా" అన్నాడు అసిరయ్య. అన్నాక ఆ మాట ఎవరిదో తెలిసి ఏడ్చేశాడు.

ఏడుస్తూనే సున్నా మేర పూత గీకాడు. గుడ్డ ముక్క పరిచాడు. గుగ్గిలం పోశాడు. విసనకర్రతో విసిరాడు. గట్టిపడేదాకా కూర్చున్నాడు. బయట జనం తిడుతూనే ఉన్నారు. ఆ తిట్లు నేనిక్కడ చెప్పకూడదు, పిల్లలున్నారు.

మళ్లీ తట్టాడు. గట్టి చప్పుడు. తాడు కట్టుకున్నాడు. కొర్లమ్మ కాళ్లకి మొక్కాడు. దిగాడు.

మొదటి వరస దాటాడు. పలక తేలింది. రెండో వరస దాటాడు. తేలింది. మూడో వరస వాణ్ణి నెత్తిన మోది, అడుక్కి తొక్కి, పైకి విసిరింది. పలక తేలింది! పదకొండుసార్లు వెళ్లాడు, పదకొండు పడవల్ని తాడుకి కట్టాడు. ఆఖరి పడవలోంచి ముత్యాలు దూకి, వణుకుతూ అరిచాడు.

"ఇంత ఆలీసం సేసావేటన్నా! సచ్చిపోయామనుకున్నాం!"

అసిరయ్య తమ్ముడి చెయ్యి పట్టుకుని తిన్నగా దిబ్బ చివరికి తీసుకెళ్లాడు.

ఒక్క కుండ తప్ప ఏమీ లేని ముసలమ్మని పదకొండు పడవల వాళ్లూ భుజాలు మార్చుకుంటూ మోశారు.

అప్పట్నుంచీ ఆ ఒడ్డున ఒక ఆచారం. పెద్ద పడవ కానీ, చిన్న తెడ్డు కానీ, పూత పూసినవాడు ఊరికే అప్పజెప్పడు. అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని, తట్టి, విని, తన చెయ్యి ఎక్కడ తప్పిందో అక్కడ బొగ్గుతో తనే సున్నా గీస్తాడు. దిద్దుతాడు. ఆ తర్వాతే కొబ్బరికాయ. ఏ తప్పూ దొరకలేదంటే ఎవరూ మెచ్చుకోరు. "సరిగ్గా ఇన్లేదు, మళ్లీ తట్టు" అంటారు.

కొత్తవాళ్లు చూసి తికమకపడతారు. అమ్మకానికి పెట్టినవాడు తన సరుకు తప్పు తనే చూపిస్తాడా అని అడుగుతారు. వాళ్లకి ఎవరూ వివరం చెప్పరు. "కొర్లమ్మ గీయిస్తోంది" అంటారు, అంతే.

ఆ సున్నా గీయని పడవలోకి మాత్రం, ఆ ఒడ్డున ఏ తల్లీ తన బిడ్డని ఎక్కనివ్వదు.