మడుగుదిబ్బ తలుపు బల్ల

సముద్రానికి మైలున్నర ఇవతల, ఉప్పు మళ్ల నడుమ ఉన్న ఇసుక దిబ్బ మీద మడుగుదిబ్బ మందిరం వెలసినది. బస్సు కరకట్ట మీద ఆగుతుంది. పాయ మీద ఇప్పుడు వంతెన వేశారు గనుక పడవ కోసం పడిగాపులు కాయవలసిన పని లేదు. మెట్లెక్కి రాగానే యాత్రికులు మొదట గమనించేది గుమ్మం. దానికి ద్వారబంధం ఉన్నది, బందులు దిగగొట్టిన గుంటలు ఉన్నవి, తలుపు మాత్రం లేదు. ఆ తలుపు లోపల ఉంటుంది. నాలుగు కాళ్ల మీద పడుకోబెట్టిన ఆ ఒంటిరెక్క టేకు తలుపే మా సంఘానికి ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె విరిచి పంచే బల్ల. దాని మీద గుడ్డ పరచరు. ఒకప్పుడు బయటి వైపున ఉండిన ముఖం ఇప్పుడు పైకి ఉన్నది.

బల్ల మీద నెలవంకల్లాంటి గాట్లు మూడు గుంపులుగా కనబడతాయి. వాటిని చేత్తో తడమవచ్చు, ఎవరూ ఏమీ అనరు. శుభ శుక్రవారం నాడు వాటి నుంచి నెత్తురు కారుతుందని బస్సు దిగేచోట కొందరు చెబుతుంటారు. శుద్ధ అబద్ధం. ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల తుడుస్తున్నవాణ్ణి నేను. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. ఈ చిన్న పుస్తకం అచ్చుకిచ్చేటప్పుడు కమిటీవారిలో ఒకరు, "రెండు అద్భుతాలు తగిలించండి మాస్టారూ, జనం వస్తారు" అన్నారు. ఉన్న అద్భుతం చాలదా నాయనా, అన్నాను. చదివిన తరువాత చాలదనిపిస్తే అది నా రాత లోపమే గాని బల్ల లోపం కాదు.

పూర్వం ఇక్కడ, అంటే మా అమ్మకు ఇరవై ఏళ్లున్న కాలంలో, ఉప్పు మళ్లలో పనిచేసే పదిహేను కుటుంబాలు ఉండేవి. ఊళ్లో గోడలున్న కట్టడం మందిరం ఒక్కటే, మిగిలినవన్నీ తాటాకు గుడిసెలు. సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి గంధం జెకర్యా. ఆయన గొప్ప కథకుడు. క్రిస్మస్ వచ్చిందంటే నాటకం రాసి, ఉప్పు మోసే మనుషుల చేతనే ఆడించేవాడు. నాలుగు చేటలు దబదబా కొట్టించి గాలి రప్పించేవాడు, రెండు నీలం చీరలు ఊపించి సముద్రం తెప్పించేవాడు. ఆయన పాట అందుకుంటే రాయి కూడా ఏడవాల్సిందేనని మా అమ్మ అనేది.

ఒక కార్తీక మాసంలో, పట్టపగలే, నిజమైన గాలీ నిజమైన సముద్రమూ వచ్చినవి. అరవై ముగ్గురు మందిరంలోకి పరుగెత్తుకొచ్చారు. తీతయ్య అనే ఉప్పు కూలీ తన భార్య కెజియమ్మను లోపల దిగబెట్టి, "ముత్యాలవ్వ నడవలేదు, తీసుకొస్తా" అని వెనక్కి పోయాడు. ముత్యాలవ్వ ఈ సంఘం మనిషి కాదు. కాలు పడిపోయిన ఒంటరి ముసలిది. దిబ్బ కింద గుడిసెలో ఉండేది. తీతయ్య అటు వెళ్లిన కాసేపటికి ఉప్పెన దిబ్బ ఎక్కింది. జెకర్యా తలుపు మూసి ఇనుప గడియ వేశాడు.

గోడలు నిలిచినవి. లోపల మోకాటి లోతు నీళ్లలో పిల్లల్ని బల్లల మీద నిలబెట్టి అందరూ బతికి బయటపడ్డారు. రెండవ రోజున మడ అడవిలో తీతయ్య శవం దొరికింది. ముత్యాలవ్వ ఆయన వీపు మీదనే ఉన్నది. ఆమెను తన పైపంచెతో నడుముకు కట్టుకున్నాడు. ముడి వదల్లేదు.

మరుసటి సంవత్సరం జెకర్యా నాటకం రాశాడు. దాని పేరు 'దిబ్బ మీద ఓడ'. జలప్రళయం నాటి ఓడ వంటిదే మన మందిరమని, వచ్చినవారందరూ చేరిన పిమ్మట దేవుడే తన చేతితో తలుపు మూసెనని అందులో ఉన్నది. దాన్ని ఏటేటా ఆ తేదీకి మందిరం లోపలే ఆడేవారు. తలుపు నిజంగానే మూసేవారు. చూసేవాళ్లంతా ఓడలోనే ఉన్నట్టు, ఒళ్లు గగుర్పొడిచేది. పాయ అవతలి ఊళ్ల నుంచి పడవలు కట్టుకొని వచ్చి, ఏడ్చి, స్తోత్రం చెప్పుకొని వెళ్లేవారు. విశ్వాసం పెరిగింది. ఆ మాట నిజమే, కాదనను.

కెజియమ్మ ఒక్కతే ఆ నాటకానికి వచ్చేది కాదు. ప్రతి శనివారం మందిరం ఊడ్చి తుడిచేది, ఆదివారం చివరి మెట్టు మీద కూర్చుని వాక్యం వినేది. బల్లారాధన నాడు మాత్రం రొట్టె అందుకోకుండా లేచి వెళ్లిపోయేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో అందరికీ తెలుసు.

మూడవ ఏడు నాటకం చూడడానికి పట్నం నుంచి పాదిరి అయ్యగారు వస్తున్నారని కబురు వచ్చింది. జెకర్యా సంబరపడిపోయి సున్నాలు వేయించాడు, తలుపుకు ఆకుపచ్చ రంగు వేద్దామని డబ్బా పట్టుకొని తానే బయలుదేరాడు. ఆ తలుపు బయటికి తెరుచుకొనేది. రాత్రింబవళ్లు తెరిచే, గోడకు ఆనుకొని ఉండేది గనుక దాని బయటి ముఖం ఎవరి కంటా పడేది కాదు. ఆనాడు జెకర్యా దాన్ని గోడ నుంచి లాగి చూశాడు.

ఉప్పు పేరుకొన్న చెక్క మీద గాట్లు. నడుము ఎత్తున ఒక గుంపు. రొమ్ము ఎత్తున ఇంకొకటి. తల ఎత్తున రెండే రెండు. నీళ్లు పెరిగిన కొద్దీ చెయ్యి పైకి పోయిందన్నమాట. ఆ వంపును జెకర్యా వెంటనే గుర్తుపట్టాడు. తీతయ్య చేతికి చిన్ననాడు తల్లి తొడిగిన ఇనుప కడెం ఉండేది. బాప్తిస్మం తీసుకొన్నాక ఆ పాత మొక్కుబడి తీసేయమని జెకర్యా ఎన్నిసార్లు కసిరాడో లెక్కలేదు. "మా అమ్మ వేసిందండీ" అని తీతయ్య నవ్వి ఊరుకొనేవాడు.

మెట్ల మీద చీపురు పట్టుకొని కెజియమ్మ నిలబడి ఉన్నది.

"రంగు వేస్తారా ఉపదేశిగారూ? వేయండి. మూడు పూతలు వేయండి, ఒక పూతకు ఆ గాట్లు మూతపడవు."

జెకర్యా చేతిలోని డబ్బా కింద పెట్టాడు.

"కెజియమ్మా, లోపల చంటిపిల్లలున్నారు. ఆ వేళ గడియ తీస్తే..."

"తీస్తే ఏమయ్యేదో నాకు తెలీదు. మీకూ తెలీదు. అది కాదు నేనడిగేది. మీ కథలో దేవుడు మూశాడని రాశారు. దేవుడు మూశాడా? మూసింది మీరు. ఆయన కొడుతుంటే మీరు విన్నారు, నేను విన్నాను, ఊరంతా విన్నది. మీ కథలో ఒక్కరు కూడా వినలేదేం?"

జెకర్యా మూడు రోజులు మందిరంలో ఉపవాసం ఉన్నాడు. నాటకం మార్చాలా వద్దా అన్నది కలలోనైనా సెలవియ్యమని ప్రార్థించాడు. స్థల చరిత్రలు చదివేవారు ఇక్కడ ఒక కల కోసం ఎదురుచూస్తారని నాకు తెలుసు. కల రాలేదు. స్వరమూ వినబడలేదు. మూడవనాటి ఉదయం కెజియమ్మ గంజి తెచ్చి ముందు పెట్టి, "చెప్పదలచుకొన్నది దేవుడు తలుపు మీద చెప్పాడు గదా, ఇంకా కల దేనికి? తాగండి" అన్నది. ఆయన గంజి తాగి, నోటుబుక్కు తెరిచాడు.

సంఘ పెద్ద యాకోబు ఈ సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఏమయ్యా, నీకు మతిగాని పోయిందా? అయ్యగారి ముందు ఊరి పరువు తీస్తావా? కథ వింటే భక్తి పెరగాలిగాని మనుషుల మీద అసహ్యం పుట్టకూడదు!"

"దేవుడి పేరు పెట్టి నా తప్పు దాచుకుంటే అది భక్తి ఎట్లా అవుతుంది పెద్దయ్యా?" అన్నాడు జెకర్యా. "రెండేళ్లుగా జనం స్తోత్రం చెబుతున్నది దేవుడికి కాదు, నా గడియకు."

"ఉన్నదున్నట్టు చెబితే రేపటి నుంచి నిన్ను ఉపదేశిగా ఉంచరు."

"ఉంచకపోతే ఉప్పు మోస్తాను."

అన్నాడే గాని, భయం లేకపోలేదు. ఆ వారమంతా ఆయనకు అన్నం సయించలేదని తరువాత తానే చెప్పుకొన్నాడు.

నాటకం ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. అయ్యగారు ముందు వరుసలో కూర్చున్నారు. చేటల గాలి వచ్చింది, చీరల సముద్రం వచ్చింది. జెకర్యా తలుపు మూసి గడియ వేశాడు. దేవుడు మూసెనని చెప్పవలసిన చోట ఆయన ఆగిపోయాడు. చేటలు కొట్టేవాళ్లు కూడా ఆపేశారు.

"ఈ తలుపు నేను మూశాను," అన్నాడు. "మూసిన తరువాత తీతయ్య వచ్చాడు. కొట్టాడు. నేను విన్నాను. తీయలేదు."

అప్పుడు ఆడవారి వైపు నుంచి ఒక పడుచు లేచింది. "నేనూ విన్నాను. ఆనాడు కెజియమ్మ గడియ తీయబోతే వెనక్కి పట్టుకొన్నది నేనే." ఆమె పేరు సలోమమ్మ. ఆమె మా అమ్మ. తరువాత లేచినవాడు, ఎవరూ అనుకోని మనిషి, యాకోబు. "విన్నాను," అని మాత్రం అని, తలపాగా తీసి చేత్తో పట్టుకొన్నాడు. ఆ పైన ఒకరి తరువాత ఒకరు. ఆ నాడు లోపల బతికినవాళ్లంతా నిలబడి ఉన్నారు. అయ్యగారు ఏదో మాట్లాడడానికి లేచారు గాని వాళ్ల ముఖాలు చూసి మళ్లీ కూర్చున్నారు.

అంతలో తలుపు మీద చప్పుడైంది.

నడుము ఎత్తున కొట్టారు. ఆగి, రొమ్ము ఎత్తున కొట్టారు. మళ్లీ ఆగి, తల ఎత్తున రెండు దెబ్బలు. చెక్క మీద ఇనుము పలికే ఆ చప్పుడు అక్కడివాళ్లకు మూడేళ్లుగా నిద్రలో వినబడుతున్నదే. జెకర్యా నాటకంలో ఇది రాయలేదు, ఎవరికీ నేర్పలేదు. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. "నా ప్రాణం నా గొంతులోకి వచ్చిందిరా" అని మా అమ్మ ఎనభయ్యో ఏట కూడా ఈ చోటు చెప్పేటప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకొనేది. జెకర్యా గడియ మీద చెయ్యి వేశాడు గాని వేళ్లు పట్టు తప్పినవి. మా అమ్మ వెళ్లి ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి లాగారు.

గుమ్మంలో ఎండ. ఎండలో కెజియమ్మ. ఆమె చేతిలో భర్త కడెం.

జెకర్యా ఆమె కాళ్ల మీద పడబోయాడు. "లేవండి," అన్నది ఆమె. "మా ఆయన కూర్చునే చోటు ఏదో మీరే చూపించండి." మూడవ కిటికీ కింది చోటు చూపించారు. ఆమె వెళ్లి అక్కడ కూర్చుని, "ఇంక బల్ల వేయండి," అన్నది. అయ్యగారే రొట్టె విరిచారు. మూడేళ్ల తరువాత కెజియమ్మ చెయ్యి చాచింది.

క్షమించానని ఆమె ఆ రోజు అనలేదు, తరువాతా అనలేదు. అన్నదని రాస్తే ఈ పుస్తకం ఇంకా బాగుండేదేమో గాని, నేను రాయను. ఆమె ఎప్పటిలాగే శనివారం శనివారం మందిరం ఊడ్చింది. పదహారేళ్ల తరువాత జెకర్యా చనిపోయినప్పుడు ఆయన ముఖం కడిగింది ఆమె. ఆయన్ను ఉపదేశిగా ఎవరూ తీసేయలేదు. ఆ నాటకం ఆడిన వారంలోనే తలుపును బందుల నుంచి ఊడదీసి బల్ల చేయించారు. ఆ గుమ్మానికి మళ్లీ తలుపు పెట్టవద్దని సంఘమంతా ఒప్పుకొని తీర్మానించింది. దానివల్ల ఇబ్బంది లేకపోలేదు. గాలికి ఇసుక వస్తుంది. మట్టల ఆదివారం నాడు మేకలు వచ్చి ఆరాధన అయ్యేలోగా సగం మట్టలు మేసిపోతాయి. తోలుకుంటాము, అంతే.

జెకర్యా నోటుబుక్కు గాజు పెట్టెలో ఉన్నది, చూడవచ్చు. 'దేవుడు తలుపు మూసెను' అన్న పంక్తి కొట్టివేసి, పైన 'నేను మూసితిని' అని రాసి ఉంటుంది. ఆఖరి పేజీలో, నాటకంలో చేరని రెండు వాక్యాలున్నవి. "ఆ దినమున ప్రభువు లోపల మాతో ఉన్నాడనుకొంటిని. తలుపు కొట్టినది ఎవరో ఇప్పుడు తలచుకొన్న భయము వేయుచున్నది."

ఈ వాక్యాలు నేను వందలసార్లు చదివాను. ఇప్పటికీ కూర్చుని చదవలేను, లేచి నిలబడతాను.

ఆచారం నేటికీ ఇట్లా సాగుతున్నది. ప్రతి సంవత్సరం కార్తీకంలో వచ్చే రెండవ ఆదివారం నాడు నాటకం ఆడతారు. తలుపు మూసే ఘట్టం రాగానే, తీతయ్య కడెంతో బల్ల మీద ఆ మూడు చోట్లా కొడతారు. సభ మొత్తం లేచి, "విన్నాము, తీయలేదు" అంటుంది. ఆనాడు పుట్టనివాళ్లు కూడా అంటారు. ఎవరి ఇంట ఏ తలుపు మూసుకొన్నారో వారికి తెలుసు గదా. ఆ తరువాతనే రొట్టె విరుస్తారు. కీర్తనలు కట్టేవారు, నాటకాలు రాసేవారు, సాక్ష్యం చెప్పబోయేవారు తమ కాగితాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టి, గాట్ల మీద చెయ్యి ఆనించి ఒకసారి పైకి చదువుకొంటారు. అబద్ధం చదివితే నోరు పడిపోదు. నాకు తెలిసినంతవరకు ఎవరికీ పడలేదు. కాని చాలామంది మధ్యలో ఆగి, జేబులోంచి కలం తీయడం నా కళ్లతో చూశాను.

రోగాలు పోతాయని, పరీక్షలు పాసవుతారని మేము చెప్పము. అడగండి, ప్రభువు దయ. ఈ స్థలంలో దొరుకుతుందని మేము చెప్పగలిగినది ఒక్కటే. చెప్పుకోలేనిది ఇక్కడ చెప్పుకొన్నవారు తేలికపడి మెట్లు దిగుతారు. మా అమ్మ అట్లా దిగింది. తెరిస్తే అందరూ పోయేవాళ్లా అని ఆమెను ఒకసారి అడిగాను. "పోయేవాళ్లమో లేదో తెలీదురా. తెరవలేదు. అంతవరకే తెలుసు," అన్నది. కమిటీవారు ఆమె పేరు తీసేద్దామన్నారు, కుటుంబం పరువని. ఆమె పేరు పైన ఉన్నది, చూశారు గదా.

చెప్పులు మెట్ల ఎడమ పక్కన విడవండి. మందిరానికి వేళలంటూ లేవు. ఎప్పుడైనా రండి, ఎవరైనా రండి, నడవలేనివారిని వీపు మీద మోసుకొనైనా రండి. ఇక్కడ ఎవరూ తలుపు తట్టనక్కర్లేదు.